సుంకి ఘాటీ దిగుతుంటే పికప్ బ్రేకులు పట్టు తప్పుతున్నాయి: పెద్ద డిస్కులు వేయించడం మేలా?

సిమిలిగుడ పికప్:

సభ్యులందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా సిమిలిగుడ. తాతల కాలంలో సాలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. నాకు ఒక పికప్ బండి ఉంది, దాన్ని నేనే నడుపుకుంటాను. కుందులి సంతలోనూ పొట్టంగి చుట్టుపక్కల పల్లెల్లోనూ క్యాబేజీ, అల్లం, బంగాళాదుంప కొని, 26వ నంబరు జాతీయ రహదారి మీదుగా సుంకి ఘాటీ దిగి సాలూరు, విజయనగరం మార్కెట్లకు చేరవేయడం నా వృత్తి. వారానికి మూడు నాలుగు సార్లు ఈ ఘాటీ దిగుతాను. ఎక్కేటప్పుడు బండి దాదాపు ఖాళీగా ఉంటుంది, దిగేటప్పుడే నిండుగా ఉంటుంది. కాబట్టి బ్రేకులకు పడే కష్టమంతా బరువుతో దిగే ఆ కొద్ది కిలోమీటర్లలోనే పడుతుంది.

బండికి ముందు డిస్క్ బ్రేకులు, వెనుక డ్రమ్ బ్రేకులు ఉన్నాయి. ఐదేళ్ల బండి, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. లోడు వేస్తే వెనుక భాగం బాగా కుంగిపోతోందని కిందటి ఏడాది ఒక్కొక్క వైపు రెండేసి కమాను పట్టీలు అదనంగా వేయించాను. ఆ తరువాత బండి నిలకడగానే ఉంది గాని, ముందు డిస్కులను పట్టి ఆపే ప్యాడ్లు మాత్రం త్వరగా అరిగిపోతున్నాయి. ఆరు నెలల్లో ఇది మూడో జత. వెనుక డ్రమ్ముల లోపల రాసుకొనే షూలను రెండేళ్లుగా మార్చవలసిన అవసరమే రాలేదు.

పోయిన నెలలో జరిగినదాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నిండు లోడుతో దిగుతుండగా చివరి మలుపులు దగ్గరపడేసరికి కాలిన వాసన మొదలైంది. పెడల్ కాలికి గట్టిగానే తగులుతోంది, కాని ఎంత తొక్కినా బండి ఆగవలసినంతగా ఆగడం లేదు. ఎలాగో రెండో గేరులోకి తెచ్చి కిందికి చేరుకొని, ఒక హోటలు ముందు ఆపి టీ తాగాను. పది నిమిషాల తరువాత బండి తీయబోతే, పెడల్ ఏ అడ్డూ లేకుండా నేలదాకా దిగిపోయింది. ఆ రోజు నా పక్క సీటులో మా అబ్బాయి ఉన్నాడు. నా కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. అరగంట ఆగి చూస్తే పెడల్ మళ్లీ మామూలుగానే ఉంది. మరునాడు ఒక వర్క్‌షాపులో చూపించాను. వారు చల్లారిన బండిని చదును రోడ్డు మీద నడిపి చూసి, బ్రేకులన్నీ బాగానే ఉన్నాయని, ప్యాడ్లు మారిస్తే చాలునని చెప్పారు. ప్యాడ్లు మార్పించాను గాని నాకు నమ్మకం కుదరలేదు.

ఇప్పుడు తోటి డ్రైవర్లు తలా ఒక మాట చెబుతున్నారు. పెద్ద బండి డిస్కులూ, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్లూ తెచ్చి బిగించమని ఒకరు, రంధ్రాలున్న డిస్కులు వేయమని ఇంకొకరు, వెనుక కూడా డిస్క్ బ్రేకులుగా మార్పించమని మరొకరు, రబ్బరు గొట్టాల స్థానంలో స్టీలు అల్లిక గొట్టాలు వేయమని వేరొకరు అంటున్నారు. ముప్పై నలభై వేలు ఖర్చు పెట్టడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. అయితే ఆ డబ్బు సరైన చోట పడాలి. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జయపురం మెకానిక్:

మిత్రులకు నమస్కారం. నేను జయపురంలో ముప్పై ఏళ్లకు పైగా లారీలకూ పికప్‌లకూ బ్రేకు పని చేసినవాణ్ణి. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు మీ రాతలోనే ఉంది. ముందు ప్యాడ్లు ఆరు నెలల్లో మూడు జతలు పోయాయి, వెనుక షూలు రెండేళ్లుగా అరగలేదు, ఈ మధ్యలో మీరు కమాను పట్టీలు వేయించారు. ఈ మూడింటినీ కలిపి చదవండి. మీ బండిలో ముందు బ్రేకులు ఒంటరిగా పని చేస్తున్నాయి, వెనుక బ్రేకులు పేరుకు మాత్రమే ఉన్నాయి.

దీనికి కారణం ఏమై ఉంటుందో చెబుతాను. ఇలాంటి సరుకు బండ్లలో చాలావాటికి వెనుక ఇరుసు దగ్గర, ఛాసిస్‌కు బిగించి, లోడ్ సెన్సింగ్ వాల్వ్ అని ఒకటి ఉంటుంది. దానికి ఒక చిన్న చేయి, ఆ చేతి నుంచి ఇరుసు దాకా ఒక స్ప్రింగో కడ్డీయో ఉంటాయి. బండిలో లోడు పడితే ఛాసిస్ కిందికి దిగి ఇరుసుకు దగ్గరవుతుంది, వాల్వ్ చేయి కదులుతుంది, వెనుక చక్రాలకు బ్రేక్ ఆయిల్ ఒత్తిడి ఎక్కువగా వెళుతుంది. ఖాళీ బండిలో ఆ ఒత్తిడిని వాల్వ్ తగ్గించి పంపుతుంది, లేకపోతే బరువు లేని వెనుక చక్రాలు బిగుసుకుపోయి బండి తోక పక్కకు తిరుగుతుంది. అంటే ఈ వాల్వ్‌కు బరువును తూచే శక్తి లేదు. బండి ఎంత కుంగిందో అది మాత్రమే దానికి తెలుసు. మీరు అదనపు పట్టీలు వేసి కుంగుడును తగ్గించేసరికి, టన్నున్నర క్యాబేజీ వేసినా వాల్వ్ దృష్టిలో మీ బండి సగం ఖాళీగానే ఉంది. వెనుక చక్రాల మీద బరువుంది, నేలను పట్టుకునే శక్తి ఉంది, కాని ఆ శక్తిని వాడుకోవడానికి కావలసిన ఒత్తిడి అక్కడికి చేరడం లేదు.

ముందు బ్రేకుల మీద ఎంత భారం పడుతోందో ఒక చిన్న లెక్కతో చూడండి. మూడు టన్నుల బండిని 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి ఆపితే దాదాపు 4 లక్షల జౌల్స్ వేడి పుడుతుంది. అదే బండి వేగం పెరగకుండా నిలువునా 100 మీటర్ల ఎత్తు దిగితే, ఇంజన్ సాయం లేకపోతే, బ్రేకులు 29 లక్షల జౌల్స్‌కు పైగా మింగవలసి వస్తుంది. వరుసగా ఏడు సార్లు 60 నుంచి సున్నాకు ఆపినట్టు. సుమారు తొమ్మిది లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా కాచే వేడి అది. కొరాపుట్ ఊరు సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, సాలూరు కొండ కింద మైదానంలో ఉంది. మీ దారిలో అలాంటి వంద మీటర్లు ఎన్ని ఉన్నాయో మీరే ఊహించండి. ఆ వేడి నాలుగు చక్రాలకు పంచుకోవలసింది, మీ బండిలో రెండు చక్రాలే మోస్తున్నాయి.

మీరు చూసినవి రెండు వేర్వేరు లక్షణాలు. ఘాటీలో పెడల్ గట్టిగా ఉన్నా బండి ఆగకపోవడం ప్యాడ్లకు సంబంధించినది: అతిగా వేడెక్కినప్పుడు ప్యాడులోని బంక పదార్థం కాలి, దాని రాపిడి శక్తి పడిపోతుంది. టీ తాగి వచ్చాక పెడల్ నేలకు దిగిపోవడం బ్రేక్ ఆయిల్‌కు సంబంధించినది. బండి కదులుతున్నంతసేపు గాలి తగిలి చక్రాలు కొంత చల్లబడతాయి. ఆపగానే గాలి పోతుంది, డిస్కులోనూ ప్యాడ్లలోనూ నిలిచిన వేడి మెల్లగా క్యాలిపర్‌లోకి పాకి అక్కడి ఆయిల్‌ను మరిగిస్తుంది. ఆయిల్ నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే మీ తొక్కుడంతా ఆ ఆవిరిని నొక్కడానికే సరిపోయింది. చల్లారాక ఆవిరి తిరిగి ద్రవమైంది, పెడల్ తిరిగి వచ్చింది. చల్లటి బండిని చదును రోడ్డు మీద నడిపి చూసినవారికి ఈ లోపం దొరకదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. మీరు ఆయిల్ ఎప్పుడు మార్చారో రాయలేదు. డబ్బా మూత తీసి చూడండి. లేత తేనె రంగులో ఉండవలసినది కాఫీ డికాషన్ రంగులో కనిపిస్తే, అది మార్చి చాలా కాలమైందని అర్థం.

కాబట్టి ముందు బండి కింద పడుకొని ఆ వాల్వ్ చేయి ఎలా ఉందో చూడండి. తుప్పు పట్టి బిగుసుకుందా, స్ప్రింగు ఊడిందా, ఎవరైనా వంచారా అన్నది తెలియాలి. అదనపు పట్టీలు తీసేయించి, వాల్వ్‌ను ఆ బండి మాన్యువల్‌లో చెప్పిన ప్రకారం, ముందూ వెనుకా ప్రెషర్ గేజీలు పెట్టి సరి చేయించండి. ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని బతిమాలుతున్నాను: ఆ చేతిని తీగతో పైకి కట్టేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు, వినకండి. అలా కట్టించుకున్న ఒక బండి లోడుతో బాగానే ఆగింది, ఖాళీగా తిరిగి వస్తూ వానలో బ్రేకు వేయగానే అడ్డం తిరిగి కాలువలోకి దిగింది. ఆ బండిని లాక్కొచ్చింది నా షెడ్డుకే. కింద పడుకొని చూస్తే ఆ తీగ ఇంకా అలాగే ఉంది.

తరువాత వెనుక డ్రమ్ములు విప్పించండి. రెండేళ్లుగా షూలు అరగలేదంటే షూలను డ్రమ్ముకు దగ్గరగా ఉంచే అడ్జస్టర్లు బిగుసుకుపోయి ఉండవచ్చు, షూలను నెట్టే వీల్ సిలిండర్ పిస్టన్లు కదలకుండా ఉండవచ్చు. డ్రమ్ముకు అనుమతించిన గరిష్ఠ వ్యాసం దాని మీదే పోత పోసి ఉంటుంది, డిస్కుకు కనీస మందం కూడా అలాగే. కొలిపించి, హద్దు దాటితే టర్నింగ్ పట్టించకుండా కొత్తవి వేయండి. ముందు క్యాలిపర్ల పిన్నులు చేతితో సులువుగా జరగాలి. లోపలి ప్యాడు పూర్తిగా అరిగి బయటి ప్యాడు మందంగా ఉంటే పిన్నులు పట్టేశాయని తెలుసుకోండి.

రాయగడ డ్రైవర్:

జయపురం పెద్దాయన చెప్పినదానికి నేను కలపవలసింది నడిపే పద్ధతి గురించి మాత్రమే. నేను 22 ఏళ్లుగా ఈ కొండల్లో నడుపుతున్నాను. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని మాకు నేర్పినవారు చెప్పేవారు. అయితే తమ్ముడూ, మీరు ఖాళీగా ఎక్కి నిండుగా దిగుతున్నారు. ఖాళీ బండి మూడో గేరులో హాయిగా ఎక్కిందని నిండు బండిని మూడో గేరులో దింపితే పొరపాటే. అదే లోడుతో ఎక్కవలసి వస్తే ఏ గేరు పడేదో ఆలోచించి, ఆ గేరును దిగుడు మొదలయ్యే ముందే వేసుకోవాలి. మీరు చివరి మలుపుల దగ్గర రెండో గేరులోకి తెచ్చానని రాశారు; అది ఘాటీ పైన చేయవలసిన పని. వేగం పెరిగి, బ్రేకులు నీరసించిన తరువాత కింది గేరు పడకపోతే బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది, అంతకన్నా ప్రమాదం వేరే లేదు.

పెడల్ మీద కాలు తేలికగా ఆనించి కిలోమీటర్ల కొద్దీ దిగడం కూడా మంచిది కాదు. ఇంజన్ పట్టు మీద బండిని వదిలి, వేగం మీరు అనుకున్న హద్దు దాటగానే గట్టిగా తొక్కి పదిహేను కిలోమీటర్ల మేరకు తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. వదిలిన ఆ కాస్త సమయంలోనే చక్రాలకు గాలి తగులుతుంది.

డీజిలు ఆదా అవుతుందని ఇంజన్ ఆపి దింపేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇంజన్ ఆగితే వాక్యూమ్ పంపు ఆగుతుంది, పెడల్ తొక్కుడుకు బలం చేర్చే బూస్టర్‌లో నిలిచిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, ఆ తరువాత పెడల్ రాయిలా మారుతుంది. పవర్ స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. అలాగే కిందికి చేరాక వేడి డిస్కుల మీద బకెట్టుతో నీళ్లు కొట్టడం చాలా చోట్ల చూస్తున్నాను. ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్లు పోసినట్టే అది; డిస్కు వంకర పోతుంది, పగుళ్లు వస్తాయి. ఘాటీ చివర చదును వచ్చాక ఒకటి రెండు కిలోమీటర్లు బ్రేకు ముట్టకుండా నెమ్మదిగా నడిపి, ఆ తరువాత ఆపండి. మీరు ఆ రోజు అలా చేసి ఉంటే ఆయిల్ బహుశా మరిగేది కాదు.

సిమిలిగుడ పికప్:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కమాను పట్టీలకూ బ్రేకులకూ సంబంధం ఉంటుందని ఇన్నాళ్లూ నాకు ఒక్కరూ చెప్పలేదు, వేసినవారు కూడా చెప్పలేదు. అయితే పట్టీలు తీసేస్తే మళ్లీ వెనుక భాగం కుంగుతుంది కదా, దానికి ఏం చేయాలి? ఇదంతా సరి చేయించాక కూడా పెద్ద డిస్కులు వేస్తే ఇంకా మంచిది కాదా?

పర్లాకిమిడి విడిభాగాలు:

నాకు పర్లాకిమిడిలో విడిభాగాల దుకాణం ఉంది. డిస్కులు అమ్ముకొనేవాణ్ణే అయినా, ఈ దశలో పెద్ద డిస్కులు వద్దనే చెబుతాను.

పెద్ద డిస్కు వల్ల రెండు లాభాలు నిజంగానే ఉన్నాయి. ప్యాడు చక్రం కేంద్రానికి దూరంగా పట్టుకుంటుంది కాబట్టి అదే ఒత్తిడికి పట్టు పెరుగుతుంది. ఇనుము ఎక్కువ కాబట్టి వేడిని ఎక్కువగా దాచుకుంటుంది. కాని దానికి తగ్గట్టు క్యాలిపర్ బ్రాకెట్ చేయించాలి, చక్రంలో చోటు సరిపోవాలి, క్యాలిపర్ పిస్టన్ పెద్దదైతే పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పంపే ఆయిల్ చాలక పెడల్ లోతుకు దిగుతుంది. అన్నీ కుదిరినా ముందు పట్టు ఇంకా పెరిగి, ముందూ వెనుకల తూకం ఇప్పటికన్నా చెడుతుంది. మీ బండికి ఉన్న జబ్బే అది. వెనుక డిస్కులుగా మార్చడంలో హ్యాండ్ బ్రేకు సమస్య వచ్చి పడుతుంది, ఘాటీలో ఆగే బండికి హ్యాండ్ బ్రేకు ఎంత అవసరమో మీకు తెలియనిది కాదు. పైగా మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. లేత్ మీద చేయించిన బ్రాకెట్‌తో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిము దగ్గర కూడా చిక్కు వస్తుంది.

రంధ్రాల డిస్కులు చూడడానికి అందంగా ఉంటాయి. రంధ్రం వేసిన మేరకు ఇనుము తగ్గుతుంది, వేడిని మోసేది ఆ ఇనుమే. మాటిమాటికీ కాగి చల్లారే బండిలో పగులు ఆ రంధ్రాల అంచు నుంచే మొదలవుతుంది. స్టీలు అల్లిక గొట్టాల వల్ల పెడల్ బిగువుగా తగులుతుంది గాని, మరిగిన ఆయిల్‌ను అవి చల్లబరచలేవు. మీ రబ్బరు గొట్టాలు ఐదేళ్లవి కాబట్టి, వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తే, కంపెనీవే కొత్తవి వేయండి.

డబ్బు పెట్టవలసిన చోటు ప్యాడ్లు. దుకాణంలో ఒకే బండికి మూడు నాలుగు ధరల ప్యాడ్లు ఉంటాయి, ఆ తేడా ఊరికే రాదు. లోడుతో ఘాటీ దిగే బండికి లోహపు పాలు ఎక్కువగా ఉండే సెమీ మెటాలిక్ ప్యాడ్లు నప్పుతాయి. అవి కొంచెం శబ్దం చేస్తాయి, డిస్కును కొంచెం ఎక్కువ అరగదీస్తాయి, కాని వేడికి తట్టుకుంటాయి. పెట్టె మీద ముద్ర సరిగా లేని చవక రకాలు తీసుకోకండి. కొత్త ప్యాడ్లు వేసిన రోజే ఘాటీకి వెళ్లవద్దు. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి తగ్గేలా, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు ఒక మోస్తరుగా బ్రేకు వేసి, ఆ తరువాత కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లార్చండి. ప్యాడు మీది పొర డిస్కుకు సమంగా పట్టాకే దాని అసలు పట్టు వస్తుంది. ఆయిల్ విషయంలో డాట్ 3కు బదులు డాట్ 4 పోయవచ్చు, కాని డాట్ 5 అని ఉన్న సిలికాన్ రకాన్ని వీటితో ఎప్పుడూ కలపకండి. పేర్లు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 వేరు, అది వీటి జాతిదే.

జయపురం మెకానిక్:

కుంగుడు గురించి అడిగారు. కంపెనీ చెప్పిన బరువు మేరకు వేస్తే, పట్టీలు సత్తువగా ఉంటే, బండి కొంత కుంగడం సహజం, కుంగాలి కూడా; వాల్వ్‌కు కబురు వెళ్లేది ఆ కుంగుడు ద్వారానే. మరీ కుంగుతోందంటే పాత పట్టీలు నీరసించాయా, లేక మీరు వేసే లోడు ఎక్కువా అన్నది తేల్చాలి. ఒకసారి నిండు బండిని కాటా వేయించి, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న మొత్తం బరువుతో పోల్చి చూడండి. బస్తాల లెక్క నమ్మకండి, తడిసిన అల్లం బస్తా బరువు వేరు. అధిక లోడుకు ఇప్పుడు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు మరో 2,000. దాని సంగతి అలా ఉంచినా, పెరిగిన ప్రతి బస్తా ఘాటీలో వేడిగానే మారుతుంది.

సిమిలిగుడ పికప్:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. బండి కింద చూస్తే వాల్వ్ చేయి మట్టితోనూ తుప్పుతోనూ కదలకుండా బిగుసుకొని ఉంది. పట్టీలు తీసినా అది కదిలే స్థితిలో లేదు, కాబట్టి కొత్త వాల్వ్ వేయించి గేజీలతో సరి చేయించాను. అదనపు పట్టీలు తీయించి, విరిగి ఉన్న ఒక పాత పట్టీని మార్పించాను. వెనుక ఎడమ వీల్ సిలిండర్ పూర్తిగా పట్టేసి ఉంది. పాత ఆయిల్ సీసాలో పట్టి చూస్తే నిజంగా డికాషన్‌లాగే ఉంది. డాట్ 4 పోసి నాలుగు చక్రాల బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించాను. కాటా వేయిస్తే అనుమతించిన దానికన్నా 380 కిలోలు ఎక్కువ తేలింది. ఆ మేరకు తగ్గించి, సంత ఎక్కువగా ఉన్న రోజున రెండో ట్రిప్పు వేసుకుంటున్నాను.

నిన్న నిండు బండిని పొట్టంగి దాటగానే రెండో గేరులో పెట్టి దింపాను. కింద చదునులో రెండు కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా అరచేయి చాపి చూశాను. ఇదివరకు ముందు చక్రాల దగ్గరికి చేయి పెట్టలేకపోయేవాణ్ణి, వెనుక డ్రమ్ములు చల్లగా ఉండేవి. నిన్న వెనుక డ్రమ్ముల సెగ కూడా చేతికి తగిలింది. టీ తాగి వచ్చాక పెడల్ తొక్కితే మొదటి తొక్కుకే నిలిచింది. ముందు కుడి చక్రం మాత్రం ఎడమదానికన్నా కొంచెం వేడిగా అనిపించింది. దాని క్యాలిపర్ పిన్నులు ఈ ఆదివారం విప్పిస్తున్నాను.